పక్క సీటు సంతకం

చేతులు వణకడం అబద్ధానికి గుర్తేమీ కాదు, వణక్కుండా ఆపుకోవడానికి మనిషి పడే తంటా ఉంటుందే, అదీ గుర్తు, ఆ లెక్కన ఈ గదిలో ముందు అనుమానించాల్సింది తననే, అనుకుంటూ నత్త తన కుడిచేతిని తొడ కిందకి నెట్టుకున్నాడు. ఎదురుగా మందుల షాపాయన చేతులు బల్ల మీద ఉన్నాయి. వేళ్లు విప్పి, కదలకుండా, ఎవరో తెచ్చి అక్కడ పెట్టి మర్చిపోయినట్టు ఉన్నాయి. సాధన చేసి వచ్చిన చేతులు.

"మళ్లీ చెప్పమంటారా?" అన్నాడు షాపాయన.

"చెప్పండి."

"ఐదు దాటాక బయల్దేరాం. మావాడు తోలుతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. మలుపు దగ్గర బ్రేకు అనుకుని రెండోది తొక్కాడు. అంతే సార్."

అంతే సార్ అనే మాట మూడోసారి వచ్చింది. మూడుసార్లూ ఒకే చోట, ఒకే గొంతుతో.

నత్త అనేది ఆఫీసులో పెట్టిన పేరు. ఇరవై ఏళ్లుగా ఇన్సూరెన్సు కంపెనీకి ప్రమాదాలు పరిశోధించి పెడుతున్నాడు. నెమ్మది మనిషి, పైగా తాకితే లోపలికి ముడుచుకుపోతాడు కాబట్టి ఆ పేరు అతికినట్టు కుదిరింది. అతనికి కోపం లేదు. నత్త ఎటు వెళ్లిందో దాని జాడ చెబుతుంది, ఆ ఒక్క గుణం చాలనుకుంటాడు. పేరు పెట్టినవాళ్లకి తెలియనిది ఇంకొకటుంది. ఇన్నేళ్లు నుజ్జయిన కార్లలో తల దూర్చి చూసీ చూసీ, అతనికి కారంటే చచ్చేంత భయం పట్టుకుంది. వీలైనంత దూరం నడిచే పోతాడు. ఎవరైనా తోలుతుంటే పక్కన కూర్చోవడం అసలే పడదు.

నిన్న సాయంత్రం ఐదు నలభై రెండుకి షాపాయన కారు మలుపులో ఫుట్‌పాత్ ఎక్కింది. ఉత్తరాలు పంచుకుంటూ పోతున్న తపాలా ఆయన్ని గోడకేసి నొక్కేసింది. సమయం తాళాల షాపు కెమెరా చెప్పింది. అందులో కారు వెనక భాగం తప్ప ఇంకేమీ కనిపించలేదు. తపాలా ఆయన ఇంతవరకు కళ్లు తెరవలేదు. షాపాయన కొడుక్కి పదిహేడేళ్లు, చేతిలో ఉన్నది లెర్నర్ లైసెన్సు. దానితో తోలాలంటే ఐదేళ్లయినా లైసెన్సు ఉన్న పెద్ద మనిషి పక్క సీట్లో ఉండి తీరాలి. ఉంటే జరిగింది ప్రమాదం, కంపెనీ పూచీ పడుతుంది. లేకపోతే నేరం. పాలసీ చెల్లదు, పిల్లవాడు కోర్టు మెట్లెక్కుతాడు. మొత్తం వ్యవహారం ఆ పక్క సీట్లో ఉంది.

షాపు వెనక గది ఇరుకుగా ఉంది. అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. మందుల ఫ్రిజ్జు ఉండుండి గుర్రుమంటోంది. దాని పక్కన తాళం వేసిన ఇనుప బీరువా, బీరువా మీద బరువైన రిజిస్టరు. కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. తల గుమ్మానికి తగలకుండా మెడ వంచాడు. అంత పొడుగు.

"ప్రాక్టీసు పుస్తకం ఇస్తారా?"

షాపాయన సిద్ధంగానే ఉంచాడు. పరీక్షకి వెళ్లేలోగా లెర్నరు వంద గంటలు తోలాలి. ఎప్పుడు మొదలుపెట్టాడు, ఎప్పుడు ఆపాడు అని వరసకొకటి రాయాలి, పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ఆ వరసలో సంతకం చెయ్యాలి. నత్త రెండు పేజీలు తిప్పాడు. ఒకే పెన్ను. పై వరసలో సంతకం నిటారుగా ఉంది. కిందకి వచ్చేకొద్దీ వాలిపోయి చివరి అక్షరం మింగేసింది. నెలన్నర పాటు రోజుకొకటి పెట్టిన సంతకాలు ఇలా అలిసిపోవు. ఒక్క బిగిన కూర్చుని పెట్టినవే ఇలా అలిసిపోతాయి.

అది అతను పుస్తకాలు చదివి తెలుసుకున్న సంగతి కాదు. మూడు వారాల కిందట కూతురు తన పుస్తకం తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. "పక్కన కూర్చోకపోతే పోనీ నాన్నా, సంతకమైనా పెట్టు," అంది. దానికీ పదిహేడే. ఒక్కసారి పక్కన కూర్చున్నాడు, పదకొండు నిమిషాలు. పన్నెండో నిమిషంలో దిగిపోయి ఇంటికి నడిచొచ్చాడు. ఆ సిగ్గు మీద, నిండిన వరసలకీ ఖాళీ వరసలకీ కలిపి పేజీ కింద దాకా గీకేశాడు. కింది సంతకాలు ఇలాగే వాలిపోయాయి.

పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"అత్యవసర నంబరుకి ఫోన్ చేసింది మీరేనా?"

"నేనే సార్."

"ఐదు యాభై ఒకటికి. గుద్దిన తొమ్మిది నిమిషాలకి."

"కాళ్లూ చేతులూ ఆడలేదు సార్. మీకైతే తెలుస్తుంది."

"పోలీసులు ఆ ఫోన్ మాటలు టైపు చేయించి పంపారు. మీ వెనక మీవాడి గొంతు ఉంది. 'మనం గుద్దేశాం నాన్నా' అన్నాడని రాశారు."

"అవును సార్. అదే అన్నాడు." షాపాయన ముఖంలో మొదటిసారి కొంచెం రంగు వచ్చింది. "మనం అన్నాడుగా. అంటే నేనూ ఉన్నట్టేగా."

"నేను అసలు రికార్డింగు తెప్పించుకున్నాను," అన్నాడు నత్త. ఫోన్ తీసి బల్ల మీద పెట్టి నొక్కాడు.

గాలి చప్పుడు. ఆగని కారు హారను. షాపాయన గొంతు చిరునామా చెబుతోంది, తప్పు చెప్పి దిద్దుకుంటోంది. దాని వెనక, ఏడుపుకీ మాటకీ మధ్య, కుర్రవాడి గొంతు: "మేం గుద్దేశాం నాన్నా. మేం చూసుకోలేదు."

ఫ్రిజ్జు ఆగిపోయింది. గది ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది.

"టైపు చేసినాయన మంచివాడు," అన్నాడు నత్త. "తండ్రీకొడుకులు కలిసున్నారు కదా, మనం అనే ఉంటాడు, తొందర్లో సరిగా వినబడలేదు అనుకుని దిద్దాడు. కానీ మీవాడికి తెలుగు బాగా వచ్చు. మీరు కారులో ఉంటే మీతో మనం అనేవాడు. మేం అన్నాడు. అందులో మీరు లేరు."

షాపాయన చేతులు బల్ల మీంచి మాయమయ్యాయి.

"ఆ రిజిస్టరు చూడొచ్చా? తాళం బీరువాలోని మత్తు మందులు ఇచ్చినప్పుడు సమయం వేసి సంతకం పెట్టాలి కదా మీరు." నత్త లేవకుండానే చెయ్యి చాచి తెరిచాడు. నిన్నటి చివరి వరస. ఐదు నలభై. షాపాయన సంతకం. "ఐదు నలభైకి ఇక్కడ మందిచ్చి, ఐదు నలభై రెండుకి మలుపులో కారులో ఉన్నారు. నడిస్తే ఆరు నిమిషాల దూరం."

"సార్," అన్నాడు షాపాయన. "వాడు ఫోన్ చేస్తే పరిగెత్తాను. ఆయన్ని చూశాను. ముందు వాడేం చెప్పాలో వాడికి చెప్పాను సార్. ఆ తరవాత ఫోన్ చేశాను. ఆయన అక్కడ పడి ఉంటే నేను ముందు మావాడికి మాటలు నేర్పాను." తల ఎత్తాడు. "మీకు పిల్లలున్నారా?"

నత్త రిజిస్టరు మూశాడు. కొడుకు వైపు తిరిగాడు. "మేం అంటే ఒక్కడు కాదు బాబూ. నీతో ఇంకెవరున్నారు?"

కుర్రవాడు నేలకేసి చూస్తున్నాడు. "ఎవరూ లేరు అంకుల్. నేనొక్కణ్ణే. అలా నోట్లోంచి వచ్చేసింది."

"ఐదేళ్ల లైసెన్సున్న పెద్దవాళ్లయితే చెప్పు. నీకే మంచిది. వాళ్లుంటే పాలసీ నిలబడుతుంది."

"పెద్దవాళ్లు కాదు."

"అంటే ఎవరో ఉన్నారు."

కుర్రవాడు తల ఎత్తి నత్త కళ్లలోకి చూశాడు. అందులో పొగరు ఉంటుందనుకున్నాడు నత్త, కనీసం భయం. రెండూ లేవు. ఆసుపత్రి వరండాల్లో డాక్టర్లు బయటికొచ్చి నోరు తెరవకముందు చూసే చూపు అది.

"ఈ కేసు ఇంకెవరికైనా ఇచ్చేయండి అంకుల్," అన్నాడు కుర్రవాడు. "మీరు చూడకండి."

"నోరుముయ్," అన్నాడు తండ్రి. "సార్‌తో మాట్లాడే తీరేనా అది?"

బయట రోడ్డు మీద పడ్డాక కూడా నత్తని ఆ మాట వదల్లేదు. బెదిరింపు అనుకుందామంటే గొంతులో బెదిరింపు లేదు. బతిమాలడం అనుకుందామంటే, తన కోసం బతిమాలుకుంటున్నట్టు లేదు.

*

కారు కంపెనీవాళ్ల రిపేరు షెడ్డులో ఉంది. నాలుగూ ఇరవైకి నత్త నడిచి చేరాడు. మెకానిక్కు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఎవరైనా ముట్టుకున్నారా?"

"ముట్టుకోడానికేముందన్నా, లాక్కొచ్చి పడేశారు. బ్యాటరీ వైరు ఫైరువాళ్లు అక్కడే పీకేశారు. చీటీ కట్టారు చూడండి, ఐదు యాభై ఎనిమిది అని."

నత్త డ్రైవరు తలుపు తెరిచి వంగి చూశాడు. ఎయిర్‌బ్యాగు వేలాడుతోంది. లోపల కూర్చోడానికి ఒళ్లు ఒప్పుకోలేదు. కళ్లు మూసుకుని, నీళ్లలోకి దిగేవాడిలా ఒక కాలు లోపల పెట్టాడు.

రెండో కాలు పట్టలేదు. మోకాలు స్టీరింగు కింద ఇరుక్కుంది.

"ఈ సీటు ఇంత ముందుకి ఎవరు జరిపారు?"

"ఎవరూ జరపలేదన్నా. అది కరెంటు సీటు. వైరు పీకాక దేవుడొచ్చినా కదలదు. గుద్దినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

నత్తది మధ్యరకం ఎత్తు. తనకే పట్టని చోట గుమ్మంలో మెడ వంచుకునే ఆ కుర్రవాడు ఎలా పట్టాడు? పక్క సీటు చూశాడు. అది చివరికంటా వెనక్కి ఉంది, పొడుగు కాళ్లవాడు చాచుకుని కూర్చున్నట్టు. రెండు బెల్టులూ బిగిసి, లాగితే రాకుండా ఉన్నాయి. అంటే రెండింటిలోనూ మనుషులున్నారు. కుర్రవాడు పక్కన కూర్చున్నాడు. తోలింది ఎవరో పొట్టివాళ్లు. వాడు నేనే తోలానంటున్నది వాళ్ల కోసం.

పొట్టివాళ్లు. పెద్దవాళ్లు కాదు.

అప్పుడే ఒక అనుమానం తల ఎత్తింది. దానికింకా పేరు పెట్టలేదు. పేరు పెట్టకుండా ఉండడానికే అన్నట్టు, పని చూసుకోవాలని డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టాడు. దుమ్ము, ఒక గాజు పెంకు, సీటు పట్టాలు. పట్టాలకి అవతల ఏదో పుస్తకం అంచు తగిలింది.

చూడకముందే వేళ్లకి తెలిసిపోయింది. అట్ట మూలలు లోపలికి రెండు మడతలు వేసి, మధ్యలో చిన్న త్రిభుజంలా కత్తిరించి ఉన్నాయి. ఆ మడత ఎవరూ వెయ్యరు. పక్కన కూర్చోలేకపోయినందుకు, ఇదైనా చేద్దామని ఆ ఆదివారం కొలత పెట్టుకుని అతను వేసిన అట్ట అది.

బయటికి లాగాడు. నీలం అట్ట.

చివరి పేజీ తెరిచాడు. వరసలన్నిటికీ అతని సంతకాలే. కిందకి వచ్చేకొద్దీ వాలిపోయి, చివరి అక్షరం మింగేసి. నిండిన ఆఖరి వరసలో కూతురి గుండ్రటి దస్తూరీ. నిన్నటి తేదీ. మొదలుపెట్టిన సమయం ఐదు. ఆపిన సమయం దగ్గర ఖాళీ. పక్కన కూర్చున్న పెద్దవాళ్లు అన్న గడిలో అతని సంతకం, మూడు వారాల ముందే వచ్చి కూర్చుని ఎదురుచూస్తోంది.

కాగితం ప్రకారం, తపాలా ఆయన్ని గోడకి నొక్కినప్పుడు పక్క సీట్లో ఉన్నది తనే.

"ఏం దొరికిందన్నా?" అన్నాడు మెకానిక్కు.

"ఏం లేదు," అన్నాడు నత్త. పుస్తకం చొక్కా లోపలికి పోయింది. ఇరవై ఏళ్లలో సాక్ష్యం దాచడం అదే మొదటిసారి. చెయ్యి ఎంత తేలిగ్గా ఆ పని చేసిందో అతను గమనించాడు.

"ఏం లేకపోతే అంతసేపు పురిట్లో మంత్రసానిలా ఆ తలుపు దగ్గర ఏం చేస్తున్నావ్?"

గొంతు వెనక నుంచి వచ్చింది. కత్తెర. కంపెనీలో క్లెయిములు తిరస్కరించే విభాగానికి పెద్ద. చేతికి వచ్చిన ప్రతిదాన్నీ కత్తిరిస్తాడని ఆ పేరు. నత్త ఒక కేసు నిలబెడితే కత్తెర రెండు పడగొడతాడు. పదేళ్లుగా ఇద్దరికీ అదే పని. చంకలో ఫైలు, చేతిలో టైపు చేసిన ఉత్తరం.

"సంతకం పెట్టు," అన్నాడు కత్తెర ఉత్తరం చాచి. "తండ్రి కారులో లేడని షాపు నుంచి నువ్వే ఫోన్ చేసి చెప్పావ్. చాలు. పాలసీ చెల్లదు, ఫైలు మూసేద్దాం."

"ఇంకా తేలలేదు."

"ఏం తేలాలి? తపాలా ఆయన లేచి నిన్ను అన్నా అని పిలవాలా?"

"ఇంకో మనిషి ఉన్నారు కారులో."

"ఉంటే ఉండనీ. నువ్వు ఈ కేసు సాగదీసేది ఎందుకో నాకు తెలుసు. ఎక్కడో ఒక మంచి మనిషి దొరుకుతాడని నీ ఆశ. నీకు ప్రతి ఫైల్లోనూ ఒక మంచి మనిషి కావాలి." కత్తెర మాట్లాడుతూనే తలుపు దగ్గరికి వచ్చి, డ్రైవరు సీట్లోకి చొరబడబోయాడు. మోకాలు కొట్టుకుంది. ఆగిపోయాడు. మోకాలు రుద్దుకోవడం మర్చిపోయి సీటు వైపు, పక్క సీటు వైపు చూశాడు. తరవాత మెకానిక్కుని ఒక్క ప్రశ్న అడిగాడు, చీటీ మీద సమయం చదివాడు.

నత్తకి అరగంట పట్టిన దారి కత్తెర అర నిమిషంలో నడిచేశాడు.

"ఆ కుర్రాడు తాటిచెట్టులా ఉంటాడన్నావ్ కదా?" అన్నాడు మెల్లగా.

"అన్నాను."

"అయితే తోలింది వాడు కాదు. ఎవరో పొట్టిది. పిల్లాడు ఇంత పట్టుదలగా ఎవరి కోసం అబద్ధం ఆడతాడు? ఆడపిల్ల." ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని ముఖంలో ఇప్పుడు వెటకారం లేదు, వేట వాసన తగిలిన ఆనందం ఉంది. "నువ్వన్నదే నిజం, ఇంకా తేలలేదు. రేపు పొద్దున్నే స్కూలుకి పోతాను. వాడి క్లాసు ఫొటో తెప్పిస్తాను. పొట్టి ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు, ఐదుగురు? పదిగంటలకల్లా పిల్ల దొరుకుతుంది."

"దొరికితే?"

"దొరికితే ఆ పిల్లా, వాళ్ల నాన్నా చూసుకుంటారు. మనిషిని గుద్ది పారిపోయింది కదా." కత్తెర అతని వైపు తిరిగి కళ్లు చికిలించాడు. "ఏమైంది నీకు? పెంకులోకి పోయినట్టున్నావ్."

చొక్కా లోపల అట్ట మూల చర్మానికి గుచ్చుకుంటోంది. ఒక ఆలోచన వచ్చింది. వచ్చిందనడం కూడా తప్పు, చాలాసేపటి నుంచి అక్కడే కూర్చుని ఉన్నట్టుంది. నేనే పక్కన కూర్చున్నానంటే? సంతకం ఉండనే ఉంది. తనకి ఇరవై ఆరేళ్ల లైసెన్సు ఉంది. పిల్ల లెర్నరు, తండ్రి పక్కన ఉన్నాడు, కాలు జారింది. నేరం కాదు, ప్రమాదం. ఒక్క మాట చాలు.

"నిన్న ఐదున్నరకి నువ్వు నా ఎదురుగానే కదా టీ తాగుతున్నావ్," అన్నాడు కత్తెర ఏదో గుర్తొచ్చినట్టు, మామూలుగా. "అప్పుడైతే బాగానే ఉన్నావే. ఇవాళ తింటానికేమైనా తిన్నావా?"

నత్త తల ఊపాడు. అవుననీ కాదనీ తెలియకుండా.

జేబులో ఫోన్ మోగింది. అక్క. భార్య పోయాక ఇల్లు చూసుకుంటున్నది ఆవిడే. అతను షెడ్డు వెనక్కి నడిచి ఎత్తాడు.

"తమ్ముడూ, అమ్మాయి పొద్దుటి నుంచి మంచం దిగలేదు. స్కూలుకి కూడా పోలేదు. కడుపులో నొప్పంటే, ఆడపిల్లలకి మామూలేలే అని వేడినీళ్ల సంచీ ఇచ్చాను. ఇప్పుడు భుజం లాగేస్తోందంటోంది. ముఖం చూస్తే సున్నం కొట్టినట్టుంది."

"ఏ భుజం?"

"ఏ భుజమైతే ఏమిటి?"

"అక్కా. ఏ భుజం?"

"ఎడమది."

ఎనిమిదేళ్ల కిందటి ఫైలు ఒకటి అతని తలలో తెరుచుకుంది. అందులో ఒకాయన ప్రమాదం జరిగిన కారులోంచి దిగి, దుమ్ము దులుపుకుని, ఇంటికి నడిచి పోయాడు. మర్నాడు ఎడమ భుజం నొప్పంటే మందు రాశారు. పోస్టుమార్టంలో డాక్టరు రాసిన ఒకే ఒక్క వాక్యం నత్తకి ఇప్పటికీ కంఠతా వచ్చు: బెల్టు ఒత్తిడికి పొట్టలో ఎడమ పక్క ప్లీహం చిట్లింది, లోపలే నెత్తురు కారింది, ఆ నొప్పి భుజంలో తెలిసింది. గుద్దినప్పటి నుంచి ఇరవై ఆరు గంటలు బతికాడు.

గడియారం చూసుకున్నాడు. ఐదూ పది. నిన్న ఐదు నలభై రెండు. ఇరవై మూడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు.

"నన్ను ఇంటి దగ్గర దింపుతావా?" అన్నాడు మెకానిక్కుతో. "కారులో. తొందరగా."

మెకానిక్కు విచిత్రంగా చూశాడు. నత్త కారెక్కడం ఆ షెడ్డులో ఎవరూ చూడలేదు. పక్క సీట్లో కూర్చుని, బెల్టు కట్టుకుని, నాలుగు నిమిషాలూ కళ్లు తెరుచుకునే ఉన్నాడు. భయం వెయ్యలేదు. అంతకంటే పెద్దది లోపల ఉంది, చోటు లేదు.

*

కూతురు సోఫాలో ముడుచుకుని పడుకుంది. పెదాలు కూడా తెల్లగా ఉన్నాయి. నుదుటి మీద చెయ్యి వేస్తే చల్లగా, తడిగా తగిలింది. అక్క కాళ్ల దగ్గర నీళ్ల సంచీ పట్టుకుని నిలబడింది.

"వాడు చెప్పాడా నాన్నా?" అంది కూతురు. గొంతు గదికి అవతలి నుంచి వచ్చినట్టుంది.

"ఎవరూ చెప్పలేదు. పొట్ట చూపించు."

చొక్కా అంచు కొంచెం ఎత్తింది. పొట్టకి అడ్డంగా, బెల్టంత వెడల్పున, నల్లగా కమిలిన చార. దాని చుట్టూ చర్మం బిగిసి, ఉబ్బి ఉంది. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సోమవారం పరీక్ష కదా నాన్నా," అంది కూతురు. "పుస్తకంలో గంటలున్నాయి గానీ నాకు తోలడం రాదు. వాణ్ణి అడిగాను. నేను పారిపోలేదు. వాడే పొమ్మన్నాడు. మీ నాన్న ఆ కంపెనీలోనే కదా, నువ్వు దొరికితే ఆయన పరువేం కాను, పో అన్నాడు." ఊపిరి అందక ఆగింది. "ఆ తపాలా ఆయన బతికున్నాడా?"

"ఉన్నాడు."

"నిజంగా?"

"నిజంగా. మాట్లాడకు."

అతను ఫోన్ తీశాడు. అక్క అతని మణికట్టు పట్టుకుంది.

"మెట్ల మీంచి పడిందని చెప్పు తమ్ముడూ," అంది గుసగుసగా. "ఆ ఫోన్లు రికార్డవుతాయని నువ్వే అంటావుగా. మెట్లని చెప్పినా బండి వస్తుంది. పిల్ల బతుకు మన చేతుల్తో పాడుచెయ్యొద్దు."

"మెట్లని చెప్పు నాన్నా," అంది కూతురు కళ్లు మూసుకునే.

మెట్లని చెబితే బండి వస్తుంది. ఎముకలు చూస్తారు. తల చూస్తారు. వరండాలో కూర్చోబెడతారు. ఆ ఎనిమిదేళ్ల కిందటి మనిషిని కూడా ఎవరో వరండాలోనే కూర్చోబెట్టారు. నిజం చెబితే రేపు పదింటి దాకా కత్తెర వెతకక్కర్లేదు. ఈ నిమిషంలోనే, కూతురి పేరు పక్కన తన గొంతే సాక్ష్యంగా నిలబడుతుంది. పిల్ల బతికితే కోర్టుకి పోతుంది. బతకకపోతే ఎక్కడికీ పోదు. రెండింటి మధ్యా తేడా ఒక్క మాట.

నంబరు నొక్కాడు. రెండోసారి మోగగానే ఒకావిడ ఎత్తింది. అలిసిపోని, మంచి గొంతు. చిరునామా అడిగింది, చెప్పాడు. వయసు అడిగింది.

"పదిహేడు. పొట్టలో నొప్పి, ఎడమ భుజంలో నొప్పి. ఒళ్లు చల్లబడింది."

"దెబ్బ ఏమైనా తగిలిందాండీ?"

అక్క పట్టు బిగించింది. గోళ్లు దిగాయి. అతను ఆవిడ వేళ్లు ఒక్కొక్కటీ విప్పాడు, కోపం లేకుండా.

"కారు ప్రమాదం. నిన్న సాయంత్రం ఐదు నలభై రెండుకి. బెల్టు పొట్టకి ఒత్తుకుంది. లోపల నెత్తురు కారుతోందని నా అనుమానం."

అవతల కీబోర్డు చప్పుడు వేగం పెరిగింది. "బండి బయల్దేరిందండీ. ఆపరేషన్ గదికి చెబుతున్నాను. కారులో అమ్మాయి ఎక్కడ కూర్చుంది?"

"డ్రైవరు సీట్లో."

కీబోర్డు ఒక క్షణం ఆగి, మళ్లీ కదిలింది. "నీళ్లు కూడా ఇవ్వకండి. కదపకండి." ఆవిడ గొంతులో ఏ మార్పూ లేదు. ఫారంలో తరవాతి గడికి వచ్చినట్టుంది. "మీరు తండ్రి కదా. ఆ సమయంలో పక్క సీట్లో మీరున్నారా అండీ? ఉంటే మిమ్మల్ని కూడా పరీక్షించాలి."

కూతురు కళ్లు తెరిచి అతనికేసి చూస్తోంది.

నత్త సోఫా పక్కన నేల మీద కూర్చుని ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"లేను," అన్నాడు.